పన్నెండో స్తంభానికి వచ్చే చుట్టం

ఫోను మోగేసరికి మిర్చి బజ్జీ సగం సంతోషి నోట్లో ఉంది, సగం చేతిలో ఉంది. మోగింది ఆమె ఫోను కాదు, మల్లేశ్వర్‌ది. అతను లేచి రేకుల షెడ్డు గుమ్మం దాకా వెళ్లి, అటు తిరిగి మాట్లాడుతున్నాడు. "అట్లనే సార్" అన్న ముక్క తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. మొగుడి వీపు చూసి వార్త మంచిదో చెడ్డదో పోల్చుకునేంత కాలం కాలేదు వాళ్ల పెళ్లయి. మాఘంలో అయింది, ఇప్పుడు ఉగాది దాటింది. అందుకని నమలడం ఆపేసి కూర్చుంది.

మల్లేశ్వర్ ఇటు తిరిగాడు. మొహం వెలిగిపోతోంది.

"నాగపూర్ లేదు పిల్లా. ఇద్దరం ఈడనే."

ఇద్దరూ ఒకే కంపెనీలో పనిచేస్తారు. మేనత్త కొడుకు కాబట్టి సంతోషికి అతను చిన్నప్పటి నుంచీ బావే. ఇక్కడి పని కాగానే అతన్ని నాగపూర్ పంపుతారనీ, ఆమె హైదరాబాద్ ఆఫీసులో ఉండాలనీ పెళ్లి నాటి నుంచే అనుకుంటున్నారు. ఇప్పుడు ఆఫీసు నుంచి వచ్చిన కబురు ఏమిటంటే, ఈ పార్కు నిర్వహణ కూడా వాళ్ల కంపెనీకే దక్కేలా ఉంది. సోమవారం అప్పగింత సజావుగా జరిగితే మొగుడూ పెళ్లాలిద్దరినీ ఇక్కడే ఉంచుతారు. జరగకపోతే నాగపూర్ బండి ఎక్కాల్సిందే.

సంతోషి చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, చేతిలోని సగం బజ్జీ అతని నోట్లో కుక్కింది. శంషాబాద్‌లో వాళ్లు కిరాయికి ఉంటున్న గదిలో ఒకటే ప్లాస్టిక్ కుర్చీ ఉంది. ఒకరు కూర్చుంటే ఇంకొకరు నిలబడాలి. రెండో కుర్చీ ఎర్రది కొందామని ఆమె, నీలంది కొందామని అతను వాదులాట మొదలుపెట్టారు. ఇంటి మీదుగా విమానం దిగినప్పుడల్లా గూట్లో స్టీలు గ్లాసులు గలగలమంటాయి. ఆ చప్పుడు ఇంకా చాలాకాలం వినొచ్చని తలుచుకుంటేనే ఆమెకు గాల్లో తేలినట్టుంది.

పార్కు అంటే పూలమొక్కలూ ఉయ్యాలలూ ఉండే పార్కు కాదు. ఎయిర్‌పోర్టుకు అవతల, మహేశ్వరం వైపు, చేలన్నీ కలిపి కట్టిన గోదాముల పార్కు. లారీలు ఆగేచోట, సరుకు దించేచోట, ఎక్కడ నిలబడినా కూలీల చేతిలోని చిన్న మిషన్లకు వైర్‌లెస్ సిగ్నల్ అందాలి. దానికోసం పన్నెండు స్తంభాలు నాటి, ఒక్కోదాని మీద ఒక తెల్ల డబ్బా బిగించారు. డబ్బా నుంచి మిషనుకు సిగ్నలు గాలిలోనే పోతుంది. కానీ డబ్బా దాకా రావాలంటే మాత్రం తీగ కావలసిందే. మామూలు రాగి తీగ వంద మీటర్లు దాటితే మాట మింగేస్తుంది. అందుకని కందకం తవ్వి, పైపు వేసి, అందులోంచి ఫైబర్ లాగారు. వెంట్రుకంత పోగులో వెలుతురు ఉరుకుతుందని కందుకూరులో ఉన్న తల్లికి సంతోషి ఫోనులో చెబితే, మట్టిలో పెడితే ఆ వెలుతురు ఆరిపోదా అని అడిగిందావిడ.

కుర్చీ రంగు ఇంకా తేలలేదు, సంతోషి చూపు లాప్‌టాప్ మీద పడింది. తెర మీద పన్నెండు చుక్కలుంటాయి. స్తంభం పనిచేస్తుంటే చుక్క పచ్చగా ఉంటుంది, ఆగిపోతే ఎర్రగా మారుతుంది. పదకొండు పచ్చగా ఉన్నాయి. అన్నిటికన్నా దూరాన, వెనక గేటు దగ్గర తుమ్మచెట్ల మధ్య ఒంటరిగా నిలబడ్డ పన్నెండో స్తంభం చుక్క ఎర్రబడింది.

బయట పొద్దు గూకుతోంది. షెడ్డులోని వైర్లన్నీ తడిమి చూసి, ఇద్దరూ చెప్పులు వేసుకునే లోపలే ఆ చుక్క మళ్లీ పచ్చబడింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పగలంతా నిక్షేపంగా ఉంటుంది. ఎండ మెత్తబడి, తుమ్మచెట్ల నీడలు పొడుగ్గా పాకేవేళకు పన్నెండో చుక్క ఎర్రబడుతుంది. ఒక మనిషి వచ్చి, కాసేపు కూర్చుని, మంచీ చెడ్డా మాట్లాడి లేచివెళ్లేంత సేపు అలాగే ఉంటుంది. తర్వాత ఏమీ ఎరగనట్టు పచ్చబడుతుంది. మల్లేశ్వర్ స్తంభం ఎక్కి డబ్బా మార్చాడు. కరెంటు చూశాడు. ఫైబర్ కొసలు తుడిచి మళ్లీ అతికాడు. ఏం చేసినా ఆ వేళకు ఆ చుట్టం రావడం మానలేదు.

"నీ సవతి అచ్చినట్టుంది," అని మొదటి రెండు రోజులూ అతను ఏడిపించాడు.

"రానీ. గిన్నెలు తోమవెడత," అని సంతోషి నవ్వింది.

మూడోనాడు ఇద్దరూ నవ్వలేదు. ఆ రోజు మీటరు పెట్టి చూశారు. పైపులో పోతున్న వెలుతురు ఎంత దూరాన ఆగిపోతోందో ఆ మీటరు చెబుతుంది. వెలుతురు పన్నెండో స్తంభం దాకా పోవడమే లేదు. పదకొండుకూ పన్నెండుకూ మధ్య, ఏమీలేని చదును నేలలో, ఒక చోట ఆగిపోతోంది. ఫైబర్ తెగిపోయి ఉంటే మళ్లీ అతుక్కోదు. ఇదేమో తెగుతోంది, దానంతటదే అతుక్కుంటోంది.

పార్కు మేనేజరు కామేశ్వరరావు గారిది కాకినాడ. సన్నగా, మర్యాదగా, కోపాన్ని కూడా ఇస్త్రీ చేసి తొడుక్కున్నట్టుంటాడు. సోమవారం మధ్యాహ్నం విమానంలో బొంబాయి నుంచి యజమానులు దిగుతారనీ, ఎండ తగ్గాక సాయంత్రం పూట పార్కంతా నడిచి చూస్తారనీ చెప్పాడు. "పన్నెండంటే పన్నెండూ పచ్చగా ఉండాలమ్మా. పదకొండున్నర అంటే నేనొప్పుకోను." నేలలో ఏదైనా అడ్డముంటే చెప్పమన్నాడు. జేసీబీ పంపించి మొత్తం పెళ్లగించేస్తానన్నాడు.

శుక్రవారం పొద్దుగూకే ముందు సంతోషి ఒక్కతే బయల్దేరింది. మల్లేశ్వర్ షెడ్డులో తెర ముందు కూర్చుని ఫోను చెవికి పెట్టుకున్నాడు. ఆమె నడుస్తూ ఎక్కడున్నదీ చెబుతోంది. గోదాములు దాటాక తారు రోడ్డు అయిపోయింది. ఆ తర్వాత ఎర్రమట్టి, చచ్చిన గడ్డి, అక్కడక్కడా ఏనుగులు పడుకున్నట్టు నల్లటి గుండ్లు. ఒక విమానం చాలా కిందుగా పోయింది. దాని నీడ ఆమె మీదుగా పాకి, నేల మీద చల్లటి చెయ్యి ఈడ్చినట్టు ముందుకెళ్లింది. ఆ చప్పుడు అణిగాక పిట్ట కూత కూడా లేదు.

మీటరు చెప్పిన చోటు చేరి ఆగిపోయింది.

చుట్టూ అంతా కంపా, దుమ్మూ. నడుమ మాత్రం ఒక మనిషి పడుకునేంత నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. మట్టిమీద చీపురు గీతలు కనబడుతున్నాయి. చల్లిన నీళ్లు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఇల్లు లేదు, వాకిలి లేదు, గడప లేదు. ఆ నడి బీట్లో ఎవరో వాకిట్లో కళ్లాపిలా సానుపు చల్లి వెళ్లారు.

సంతోషి వంగి ఆ గీతలు చూసింది. తెలియకుండానే ఒక అడుగు ముందుకు, ఆ తడి నేల మీదికి వేసింది.

"పొయింది," అన్నాడు మల్లేశ్వర్ ఫోనులో. "ఎర్రగైంది. ఏడున్నవ్?"

ఆమె వెనక్కి జరిగింది. వచ్చేసిందన్నాడు. మళ్లీ కాలు పెట్టింది. పోయిందన్నాడు. తన కాలి కింద, జానెడు మట్టి లోపల, ఏదో తన బరువుకు కళ్లు మూసుకుంటోందనీ, కాలు తీస్తే తెరుస్తోందనీ ఆమెకు అనిపించింది. అంటే రోజూ ఈ వేళకు ఇక్కడికి ఎవరో వస్తున్నారు. సంతోషి వెనక్కి తిరిగి నడిచింది. పరుగెత్తితే ఎవరో నవ్వుతారేమో అన్నట్టు, మెడ తిప్పకుండా నడిచింది.

కందకం తవ్వించింది శంషాబాద్ సఖావత్. గడ్డం నెరిసిన మేస్త్రీ. పాలమూరు కూలీలను పెట్టి ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల సగం కందకాలు అతనే తవ్వించాడు. శనివారం మధ్యాహ్నం పిలిపించి, అక్కడ పైపు అంత పైపైన ఎందుకుందని సంతోషి అడిగింది. అతను చాలాసేపు గడ్డం దువ్వుకున్నాడు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"కోపం చెయ్యకు బేటీ. గడ్డపార ఏస్తే ఖంగుమన్నది. మట్టి తీస్తే బండలు. మనిషి పొడుగు, వరుసగ పరిచి ఉన్నయి. బండలు వాటంతట అవి గట్ల పండుకోవు."

అది సమాధి అని అతనికి చూడగానే తెలిసిపోయింది. కూలీలు గడ్డపారలు కింద పెట్టేశారు. ఎవరిదో, ఏ మతం వాళ్లదో తెలియదు. పాలమూరు వాళ్లు టెంకాయ కొట్టారు, సఖావత్ ఫాతిహా చదివాడు. తర్వాత బండలు కదపకుండా, వాటి మీదుగానే పైపు పరిచి, జానెడు మట్టి కప్పి ముందుకు పోయారు. ఎవరికీ చెప్పలేదు.

"చెప్తే ఏమైతుండె? జేసీబీ అస్తుండె. కబర్ కబరే గద, మావోళ్లదైతేంది, మీవోళ్లదైతేంది."

సంగతి తేలిపోయింది. బండ అంచు మీద పైపు ఆనుకుని ఉంది. పైన మనిషి కూర్చుంటే పైపు నొక్కుకుని లోపలి ఫైబర్ వంగుతుంది, వెలుతురు ఆగిపోతుంది. మల్లేశ్వర్ హాయిగా ఊపిరి వదిలాడు. దయ్యం లేదు, భూతం లేదు, ఒట్టి బరువు. సంతోషికి మాత్రం అంత తేలిక కాలేదు. ఆ వచ్చే మనిషి ఎవరు?

ముగ్గురూ ఆ చోటికి వెళ్లి నిలబడ్డారు. నీడలు సాగుతున్నాయి. వెనక గేటు వైపు నుంచి ఎవరో వస్తూ కనిపించారు. ఒక చేతిలో పొరక, ఒక చేతిలో నీళ్ల చెంబు. వీళ్లను చూసి అంత దూరాన ఆగి, చెప్పులు విడిచి, మళ్లీ నడిచాడు. పెంటయ్య. వెనక గేటు కాపలా ముసలాయన. సంతోషి ఆ గేటు మీదుగా వెళ్లినప్పుడల్లా "పెండ్లిపిల్లా, మొగన్ని ఏడ వారేసి అచ్చినవ్" అని ఏడిపించే మనిషి. ఇప్పుడు అతని మొహంలో ఆ అల్లరి లేదు.

"మా ఇంటామె బిడ్డా," అన్నాడు నేల వైపు చూపిస్తూ. ఇంట్లోకి పిలిచి పరిచయం చేస్తున్నట్టే అన్నాడు.

ఆమె పేరు సక్కుబాయి. పెంటయ్య మొదటి భార్య. ఇదంతా అప్పుడు వాళ్ల చేను. మాఘంలో పెళ్లయి వచ్చింది. జొన్న కోతకు రాకముందే జ్వరం తగిలి పోయింది. పెంటయ్య తండ్రి ఆమెను చేన్లోనే పెట్టించాడు. ఆ తర్వాత రాములమ్మను చేసుకున్నప్పుడు, పోయినామె పేరు మీద చిన్న వెండి బిళ్ల చేయించి కొత్త కోడలి మెడలో కట్టారు. రాములమ్మ ఇవాళ్టికీ ఆ బిళ్లను కళ్లకద్దుకుని గానీ అన్నం తినదు. అక్క కాడికి పోయిరా అని సాయంత్రం పూట ఆమే గుర్తు చేస్తుందట. చేను అమ్మేశాక పైనున్న రాళ్లగుట్టను డోజరు చదును చేసేసింది. కాపలా పని దొరికింది కాబట్టి సరిపోయింది. లేకపోతే లోపలికి రానిచ్చేవారు కాదు. నిన్న ఊడ్చి నీళ్లు చల్లాక సంతోషి రావడం చూసి తుమ్మచెట్ల చాటుకు తప్పుకున్నాడట.

"చేను దున్నినన్ని దినాలు నాగలి ఈడికి రాంగనే మలుపుకునేటోణ్ని," అన్నాడు. "ఎడ్లకు గూడ ఎరుకే. చెప్పకముందే మలిగేటియి."

మాఘం అన్న మాట సంతోషి గుండెలో ఎక్కడో దిగబడిపోయింది. తన చేతుల గాజుల చప్పుడు తనకే పెద్దగా వినిపించి, చేతులు కదపకుండా పట్టుకుంది. సవతి అచ్చిందని నవ్వుకున్న మాటలు గుర్తొచ్చాయి. మల్లేశ్వర్ కూడా తలెత్తలేదు.

తన కూర్చోవడం వల్ల వాళ్ల పని చెడుతోందని విని పెంటయ్య చాలా నొచ్చుకున్నాడు. సోమవారం సంగతీ, నాగపూర్ సంగతీ సంతోషే చెప్పింది. అతను చెంబులో నీళ్లు అక్కడే నెమ్మదిగా పారబోశాడు.

"ఇగ రాను తియ్. పెండ్లైన పిల్లలు విడిపోవద్దు. ఆమెకు గూడ మంచిగనిపియ్యది."

మాట మీద నిలబడ్డానికన్నట్టు వాళ్లతో పాటు షెడ్డుకు నడిచాడు. సఖావత్ ఇంకో చోట పనుందని స్కూటర్ మీద వెళ్లిపోయాడు. సంతోషి ఫ్లాస్కులోంచి చాయ్ పోసి ఇచ్చింది. పెంటయ్య గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా, గుమ్మంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అక్కణ్నుంచి ఆ బీడంతా అరచేతిలా కనిపిస్తుంది; ఇన్నాళ్లూ తెర మీదే కళ్లు పెట్టుకుని వాళ్లే అటు చూడలేదు. పన్నెండో స్తంభం, తుమ్మచెట్లు, ఆ నడిమి నేల. మనిషి కాదు కదా, మేక కూడా లేదు. పొద్దు రన్‌వే వైపు వాలింది. నీడలు వచ్చి ఊడ్చిన నేలను అందుకున్నాయి.

తెర మీద పన్నెండో చుక్క ఎర్రబడింది.

మల్లేశ్వర్ కుర్చీలోంచి సగం లేచాడు. సంతోషి గుమ్మంలోకి వెళ్లి చూసింది. ఎవరూ లేరు. గాలి కూడా లేదు. వెనక్కి వచ్చి తెర చూసింది, చుక్క ఎర్రగానే ఉంది. మల్లేశ్వర్ చెయ్యి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. 

పెంటయ్య తెర వైపు చూడనే లేదు. బయటికే చూస్తున్నాడు.

"నేను పోలే గద," అన్నాడు. "అచ్చి కూసున్నది."

చల్లారిన చాయ్ పక్కన పెట్టి లేచాడు. ఎవరూ ఆపలేదు. అతను వంగిన నడుముతో బీడు దాటి వెళుతుంటే ఇద్దరూ గుమ్మంలో నిలబడి చూశారు. అక్కడికి చేరాక అతను ఆ నేల మీద కూర్చోలేదు. ఇందాకటి మాటలు గుర్తుపెట్టుకుని, పైపు ఎటు పోయిందో చూసుకుని, పక్కకు జరిగి కూర్చున్నాడు. చేయి చాచి మట్టిని ఒకసారి తడిమినట్టు కనిపించింది. సంతోషి వెనక్కి తిరిగి తెర చూసింది.

చుక్క పచ్చబడింది.

 మల్లేశ్వర్ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. పగలంతా కాగిన బండ సాయంత్రానికి చల్లారి కొంచెం సర్దుకుంటుందనీ, అందుకే పైపు నొక్కుకుని ఉంటుందనీ అన్నాడు. కావచ్చు అంది సంతోషి. మరి పెంటయ్య వెళ్లి కూర్చోగానే ఎందుకు పచ్చబడిందని ఆమె అడగలేదు. 

అతనే మళ్లీ మొదలుపెట్టాడు. కామేశ్వరరావు గారికి చెబితే రేపు ఒక్క గంటలో జేసీబీ వచ్చి అంతా పెళ్లగించేస్తుంది. సోమవారానికి పచ్చ చుక్క, ఆ తర్వాత ఇద్దరూ ఒకే చోట. చెప్పకుండా తామే పైపు బయటికి తీసి, పక్కనుంచి తిప్పి మళ్లీ వెయ్యాలంటే ఫైబర్ తియ్యాలి, లాగాలి, కొస కోసి మళ్లీ అతకాలి. ఒక్క రోజులో కావడం కష్టం. మధ్యలో ఎక్కడైనా చెడితే సోమవారం సాయంత్రం బొంబాయి వాళ్ల ఎదుట ఎర్ర చుక్కే ఉంటుంది. ఇదంతా అతను వాదించడానికి అనలేదు. అన్నీ ఆమె ముందు పెట్టి, నువ్వేమంటే అది అన్నట్టు చూశాడు.

సంతోషి బయటికి చూసింది. మసక వెలుతురులో పెంటయ్య ఎవరితోనో మాట్లాడుతున్నట్టు తల ఊపుతున్నాడు. పెళ్లయి నిండా ఏడాదైనా తన ఇంట్లో తిరగని పిల్ల. ఈ నేలంతా చేతులు మారినా, ఆమె మాత్రం ఉన్నచోటనే ఉంది.

"బావా, నువ్వు నాగపూర్ పోతే నేను ఏడుస్త," అంది. "రోజూ ఫోన్ చేసి నిన్నూ ఏడిపిస్త. గానీ నువ్వు తిరిగస్తవు గద."

మల్లేశ్వర్ పనిముట్ల పెట్టె తెరిచి, అతికే మిషను ఛార్జింగుకు పెట్టాడు. సంతోషి సఖావత్‌కు ఫోను కలిపింది. అవతల నుంచి లారీల రొద, దాని మధ్య సలాం వినిపించాయి.

"భాయ్, రేపు ఆయితారం, పార్కుల ఎవరుండరు. పొద్దు పొడవంగనే నలుగురు మనుషులను తీస్కొని రాండ్రి. బండల మీదికెల్లి పైపు తీసి, చుట్టూ మలిపి, లోతుకు వేద్దం. మీరు తవ్వుండ్రి, బావ అతుకుతడు, నేను తెర కాడ కూసుంట. పొద్దుగూకే లోపల అయిపోవాలె."